రెండు దేశాలు పెట్టే ఒకే తద్దినం

బతికున్నప్పుడు గంజి పోయని కొడుకు తద్దినానికి గారెలు వండించి ఊరందరినీ పిలిచినట్టు, ఫాక్‌లాండ్ యుద్ధాన్ని ఏటా రెండు పక్షాలూ ఘనంగా స్మరించుకుంటాయి. ఏప్రిల్ 2న అర్జెంటీనా వంతు. వాళ్లకవి మాల్వినాస్ దీవులు, ఆ రోజు దేశమంతా సెలవు. జూన్ 14న బ్రిటన్ ఏలుబడిలోని ఆ దీవుల వంతు. వాళ్లకది విమోచన దినం. బాకాలు, పూలగుచ్ఛాలు, గొంతు గద్గదం చేసుకునే మంత్రులు రెండు చోట్లా ఉంటారు.

లెక్క చూద్దాం. 1982లో 74 రోజుల యుద్ధం. అర్జెంటీనా వైపు 649 మంది, బ్రిటన్ వైపు 255 మంది పోయారు. దీవుల వాళ్లు ముగ్గురు పోయారు. ముగ్గురూ ఆడవాళ్లే, అదీ విడిపించడానికొచ్చిన బ్రిటిష్ నౌకల గుండ్లకే. అప్పటి జనాభా సుమారు 1,800. అంటే ఇద్దరు మనుషులకు ఒక శవం చొప్పున పడింది.

ఇంతకీ ఆ దీవుల మీద ఎవరికెంత ప్రేమ? మార్చి 30న బ్యూనస్ ఐరెస్‌లో రోడ్డెక్కిన కార్మికులను చితకబాదించిన సైనిక పాలకుడు గాల్తియేరీకి మూడో నాటికి ఆ దీవులను ఆక్రమించేంత దేశభక్తి పొంగింది. దెబ్బలు తిన్న ఊరే జేజేలు కొట్టింది. కుర్చీ కిందికి నీళ్లొచ్చినప్పుడు జెండా ఎగరేయడం పాలకులందరికీ తెలిసిన విద్యే కదా! ఆ జెండా మోయడానికి కొరియెంతెస్, చాకో లాంటి ఉక్కపోత రాష్ట్రాల నుంచి కూడా పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల కుర్రాళ్లను తెచ్చి అంటార్కిటికా గాలిలో బురద గుంతల్లో కూర్చోబెట్టారు. రేవు పట్టణం స్టాన్లీలో ఆహారం నిల్వలుండగానే గుంతల్లో ఆకలి. తాళలేక గొర్రెను కోసుకున్నవాణ్ణి పట్టుకుని చలిలో మేకులు పాతి నేలకు కట్టేసింది శత్రువు కాదు, సొంత అధికారులే.

బ్రిటన్‌ను కూడా వదిలేయక్కర్లేదు. 1981లో వాళ్లు చేసిన పౌరసత్వ చట్టం ప్రకారం ఆ దీవుల జనంలో చాలామంది పూర్తి బ్రిటిష్ పౌరులు కారు. అక్కడ తిరిగే ఒక్కగానొక్క నౌక ఎండ్యూరెన్స్‌ను ఖర్చు తగ్గించుకోవడానికి వెనక్కి పిలుస్తామనీ అదే ఏడాది చెప్పారు. యుద్ధం గెలిచాక, 1983లో, పౌరసత్వమిస్తూ కొత్త చట్టం చేశారు. అదే ఏడాది ప్రధాని థాచర్ ఎన్నికలు ఊడ్చేశారు. ఇప్పుడు స్టాన్లీలో ఆమెకు విగ్రహం, ఆమె పేర వీధి, జనవరి 10న ప్రత్యేకంగా ఒక రోజు. గొర్రెల కాపరులు బ్రిటిష్ వాళ్లేనని తెలియడానికి తొమ్మిది వందల ప్రాణాలు ఖర్చయ్యాయన్నమాట.

దీవుల్లోని డార్విన్ శ్మశానంలో 237 సమాధులు. సగానికి పైగా రాళ్ల మీద పేరుండేది కాదు, ‘దేవుడికి మాత్రమే తెలిసిన అర్జెంటీనా సైనికుడు’ అని ఉండేది. ఆ శవాలను ఏరి, జాగ్రత్తగా చుట్టి, ఎక్కడ దొరికిందో రాసిపెట్టి పాతినవాడు జెఫ్రీ కార్డోజో అనే బ్రిటిష్ అధికారి. ఏటా సెలవిచ్చిన సొంత దేశానికి ఆ పేర్లు రాబట్టే పని మొదలయ్యేసరికి 2017 వచ్చింది. అదీ రెడ్‌క్రాస్ దిగాక.

మనకూ ఇందులో చిన్న వాటా ఉంది. బ్రిటిష్ దండుకు నాయకత్వం వహించిన హెర్మిస్ నౌకే తర్వాత మన విరాట్. దాన్ని విశాఖలో పర్యాటక కేంద్రం చేద్దామని ఆంధ్ర సర్కారు ముచ్చటపడింది. చివరికది అలంగ్‌లో తుక్కుకు పోయింది.

గాల్తియేరీకి 1986లో 12 ఏళ్ల శిక్ష పడింది. యుద్ధం చేసినందుకు కాదు, సరిగ్గా చేయనందుకు! 1989లో క్షమాభిక్ష కూడా దొరికింది. కుర్రాళ్లను నేలకు కట్టేసిన అధికారుల మీద ఫిర్యాదులు మాత్రం ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కి దిగుతూనే ఉన్నాయి. వచ్చే ఏప్రిల్ 2న మైకు పట్టుకునే పెద్దలారా, ముందు ఆ కేసుల సంగతి చెప్పండి. బాకాలు తర్వాత ఊదించుకోవచ్చు.