కుటుంబరావు కంపెనీ

మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఏ ఆఫీసులో చూసినా ఇలాంటివాడు ఒకడుంటాడు. పెద్దలు పెట్టిన పేరు ఏదైనా కానీండి, "ఇది కంపెనీ కాదండీ, కుటుంబం" అని రోజుకు నాలుగుసార్లయినా అంటాడు కాబట్టి మనం కుటుంబరావు అందాం.

బావమరిది పెళ్ళిలో పట్టుపంచె మీదికి కంపెనీ టీషర్టు వేసుకొచ్చింది ఇతనే. చిలుకూరు బాలాజీకి అందరూ వీసా కోసం మొక్కుకుంటే, కుటుంబరావు కంపెనీకి ఫండింగ్ రావాలని 11 ప్రదక్షిణలు చేశాడు. వచ్చింది. మెడలో ఐడీ ట్యాగు ఊగుతుండగా 108 చేసి మొక్కు తీర్చాడు. ఆ ఏడాది ఇంక్రిమెంటు మాత్రం రాలేదు. దానికి మొక్కుకోలేదు కదా.

టౌన్‌హాల్ మీటింగంటే ముందు వరస అతనిదే. ఫౌండర్ జోకు ఇంకా సగంలో ఉండగానే నవ్వేస్తాడు. "ఎనీ క్వశ్చన్స్?" అనగానే లేచి, "ఇంత ఎనర్జీ మీకెక్కణ్ణుంచి వస్తుంది సార్?" అంటాడు. ఆ ఊపులో వెనకనుంచి ఓ కొత్తమ్మాయి, మరుసటి నెల 15లోగా కట్టాల్సిన పీఎఫ్ మూణ్ణెల్లుగా ఎందుకు పడలేదని అడిగింది. కుటుంబరావు తిరిగి చూసిన చూపు ఉందే, తద్దినం నాడు వంటింట్లో ఉల్లిపాయ తరిగినవాళ్ళను చూసినట్టు చూశాడు.

అతని దగ్గర అన్నిటికీ మాటలున్నాయి. ఆదివారం పని ప్యాషన్. జీతాల కోత రన్‌వే పెంచుకోవడం. మనుషుల్ని పీకెయ్యడం రైట్‌సైజింగ్. ఎందుకని అడిగితే "నెగెటివిటీ". అంతటితో సంభాషణ సమాప్తం. రాబర్ట్ జే లిఫ్టన్ అనే అమెరికన్ మనోవైద్యుడు, చైనాలో మనుషుల ఆలోచనలను "సంస్కరించిన" తీరు మీద 1961లో పెద్ద పుస్తకమే రాశాడు. ఆయన చెప్పిన ఎనిమిది లక్షణాల్లో ఆలోచనకు అక్కడికక్కడే గొళ్ళెం పెట్టే ఇలాంటి పొట్టి మాటలొకటి, లోపాలను పదేపదే బయటపెట్టుకోవడం ఒకటి. కుటుంబరావు ఆ పుస్తకం చదవలేదు. శుక్రవారం సాయంత్రం ఫీడ్‌బ్యాక్ సర్కిల్లో మాత్రం "ఈ వారం రెండు రోజులు ఏడింటికే ఇంటికెళ్ళిపోయాను, సారీ గైస్" అని కళ్ళు ఒత్తుకుంటాడు. అందరూ చప్పట్లు కొడతారు. పక్కవాడికి చెమటలు పడతాయి. వాడు వెళ్ళింది ఆరింటికి.

ఇదేదో హైటెక్ సిటీలో పుట్టిన జాతి అనుకోకండి. 1930ల్లో ఐబీఎం ఉద్యోగులు తమ అధ్యక్షుడు థామస్ వాట్సన్‌ను కీర్తిస్తూ పాటలు పాడేవాళ్ళు. కంపెనీయే పాటల పుస్తకం అచ్చేసింది. మొన్నమొన్నటి వీవర్క్ సంగతి చూడండి. చేసేది ఆఫీసు స్థలాలు అద్దెకివ్వడం, చెప్పేది ప్రపంచ చైతన్యాన్ని పెంచడం. 2019 మొదట్లో 4,700 కోట్ల డాలర్ల విలువ కట్టిన ఆ సంస్థ 2023 నవంబరులో దివాలా రక్షణ కోరింది. అమీర్‌పేటలో గదికి నలుగుర్ని కుక్కే హాస్టల్ యజమానులు కూడా ఎన్నడూ అంత మాట అనలేదు.

కుటుంబరావు సంక్రాంతికి అత్తారింటికి వెళ్తే అత్తగారు అడిగింది.

"జీతమేమైనా పెంచారా బాబూ?"

"మేం జీతం కోసం పనిచెయ్యట్లేదు అత్తయ్యగారూ."

"అయ్యో, ఆ సంగతి వాళ్ళకి తెలిసిపోయిందేమో!"

ఆవిడకు ఈసాప్స్, అంటే ఉద్యోగులకు కంపెనీ ఇస్తానన్న షేర్ల గురించి గంటసేపు వివరించాడు. మొదటి ఏడాది చేతికేమీ రాదు, మొత్తం రావడానికి నాలుగేళ్ళు. షేరు మన పేరున పడ్డాక, అమ్ముకోవడానికి మార్కెట్ లేకపోయినా, సాధారణంగా జీతం కింద లెక్కేసి పన్ను కట్టాలి. అంతా విని ఆవిడ, "అంటే ముందు మనమే ఇవ్వాలన్నమాట" అని లోపలికెళ్ళి అరిసెలు తెచ్చింది.

పనిమీద ప్రేముండటం తప్పంటే నేనొప్పుకోను. అది లేనివాడితో పనిచెయ్యడం ఇంకా నరకం. నేను చూసేది ఒక్కటే, మానేసినవాళ్ళ గురించి అక్కడ ఎలా మాట్లాడుకుంటారని. మామూలు ఆఫీసులో కేకు కోస్తారు, ఎంతిస్తున్నారని గుసగుసగా అడుగుతారు, మాకూ ఏమైనా చూడమంటారు. కుటుంబరావు కంపెనీలో రాజీనామా మెయిలు వెళ్ళిన గంటలో వాట్సాప్ గ్రూపులోంచి ఆ మనిషి మాయం. మర్నాటినుంచి ఆ పేరు క్యాంటీన్లో కూడా వినపడదు. ఎవరైనా పొరపాటున ఎత్తితే "వాడికి విజన్ అర్థంకాలేదు" అంటాడు కుటుంబరావు. గ్రూపుకి అడ్మిన్ ఆయనే. పీఎఫ్ అడిగిన అమ్మాయిని తీసేసిందీ ఆయనే.

ఒక సోమవారం పొద్దున్న రైట్‌సైజింగ్ జాబితాలో కుటుంబరావు పేరూ వచ్చింది. పదకొండింటికల్లా ల్యాప్‌టాప్ లాకైంది. గ్రూపులో మాత్రం ఇంకా ఉన్నాడు. తీసెయ్యడానికి ఇంకో అడ్మిన్ లేడు మరి. క్యాబ్ వచ్చేలోపు, కిందటి నెల చేరిన కుర్రాణ్ణి అడ్మిన్ని చేసి, ఎలా తీసెయ్యాలో చూపించి, "ఇప్పుడు నన్ను తియ్యి" అన్నాడు. వాడు మొహమాటపడ్డాడు.

"ప్రాసెస్ ప్రాసెస్సే తమ్ముడూ" అన్నాడు కుటుంబరావు.