ముడుల తాడు సొంత గొడవ

ఎవరైనా దూసుకుపోతుంటే ఇంగ్లిషువాళ్లు ‘ఎట్ ఎ రేట్ ఆఫ్ నాట్స్’ అంటారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఈ తాడుకి మహా గర్వం. ఆ నాట్స్ తన ఒంటిమీది ముడులే మరి. పేరు లాగ్‌లైన్. కొలువు తెరచాప ఓడ వెనక కొసన.

దాని చివర పావు చక్రంలా కోసిన చెక్క. గుండ్రటి అంచుకి సీసం బరువు. నీళ్లలో పడగానే చెక్క నిలువుగా నిలబడి అక్కడే మొరాయిస్తుంది. ఓడ సాగేకొద్దీ తాడు చుట్ట విప్పుకుంటుంది. ఒకడు చుట్టను ఎత్తి పట్టుకుంటాడు, ఇంకొకడి చేతిలో ఇసుక గడియారం. గుర్తుగా కట్టిన గుడ్డపేలిక దాటగానే ‘తిప్పు’ అని కేక. 28 సెకన్లకు ఇసుక అయిపోతుంది, తాడు ఆగుతుంది. ఈలోపు ఎన్ని ముడులు జారితే ఓడ గంటకి అన్ని నాటికల్ మైళ్లు నడుస్తున్నట్టు. అందుకే ముడికీ ముడికీ 47 అడుగుల 3 అంగుళాల ఎడం: గంటలో 28 సెకన్లు ఎన్నో వంతో, నాటికల్ మైలులో ఆ ఎడమూ అన్నో వంతు. ఓడ మరీ జోరందుకుంటే 14 సెకన్ల గడియారం తెచ్చి, లెక్కను రెట్టింపు చేసేవారు.

ఇంగ్లిషు నౌకాయాన రచయిత విలియం బోర్న్ 1574లోనే తన గురించి రాశాడని చెప్పుకుంటుంది. ఆ రోజుల్లో ముడులు మరీ దగ్గరగా ఉండేవట. రిచర్డ్ నార్వుడ్ లండన్ నుంచి యార్క్ దాకా నేల కొలిచి, నాటికల్ మైలు అనుకున్నదానికన్నా పొడవని తేల్చి, ఎడం పెంచమని 1637లో పుస్తకం వేశాడు. చాలామంది నావికులు విననే లేదు. దగ్గర ముడులు ఓడ వేగాన్ని ఎక్కువ చేసి చూపిస్తాయి. తీరం దగ్గరపడిందని ముందే జాగ్రత్తపడొచ్చు. తప్పు లెక్కే అయినా, ప్రాణభయం ఉన్నవాడి తెలివి అది.

ఇంతకీ ఆ గొప్ప వేగం ఎంత? పేరుమోసిన కటీ సార్క్ ఓడ అత్యధిక వేగం 17.5 నాట్లు, అంటే గంటకి 32 కిలోమీటర్లు. విశాఖ బీచ్ రోడ్డులో స్కూటీ అంతకన్నా జోరుగా పోతుంది! ఈ లెక్క చెబితే తాడు మాట మార్చేస్తుంది.

19వ శతాబ్దంలో నీళ్లలో తిరుగుతూ వేగం కొలిచే మరలు వచ్చి దాని కొలువు ఊడగొట్టాయి. కొలత మాత్రం బతికింది. 1929లో మొనాకో సమావేశం నాటికల్ మైలును 1,852 మీటర్లుగా ఖాయం చేసింది. ఇప్పటికీ బంగాళాఖాతంలో తీవ్ర వాయుగుండాన్ని వాతావరణ శాఖ తుఫానుగా ప్రకటించాలంటే గాలి వేగం 34 నాట్లకు చేరాలి.