ఉచిత బుర్ర

పొలానికి ఉచిత కరెంటు వచ్చింది, ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చింది. ఇప్పుడు ఉచిత బుర్ర కూడా వచ్చేసింది. 2025 నవంబరు 4 నుంచి చాట్‌జీపీటీ గో అనే ఏఐ చాట్‌బాటు ప్లాను మన దేశంలో ఏడాది పాటు ఫ్రీ అనగానే జనం ఎగబడ్డారు. తీరా దాంతో చేయించుకుంటున్నదేమిటయ్యా అంటే, లీవు లెటరు! ఉద్యోగి ‘రెండ్రోజులు జ్వరం’ అని కొడితే అది ముప్పావు పేజీ ఉత్తరం అల్లిపెడుతుంది. అంత చదివే ఓపిక లేని మేనేజరు దాన్నే మళ్లీ బాటుకిచ్చి ‘ఒక్క ముక్కలో చెప్పు’ అంటాడు. ‘రెండ్రోజులు జ్వరం’ అని తేలుతుంది.

బాటు రాసింది నిజమో కాదో చూసుకునే పని మాత్రం ఎవరిదీ కాదు. న్యూయార్కులో లాయర్లు బాటు పుట్టించిన దొంగ తీర్పులను కోర్టులో పెట్టి 2023లో 5,000 డాలర్ల జరిమానా కట్టుకున్నారు. పెద్ద చదువులు చదివినవాళ్లే!

మనవాళ్ల సంగతి సరేసరి. మొన్న ఓ ఫ్యామిలీ గ్రూపులో పెద్దాయన పోయారని కబురొస్తే, అల్లుడుగారు కన్నీళ్లు పెట్టించే సంతాపం పెట్టారు. కింద ఆఖరి లైను తీసేయడం మర్చిపోయారు: ‘ఇంకాస్త బాధగా రాయమంటారా?’

అత్తగారు ‘వద్దు బాబూ’ అని జవాబిచ్చారు.