గరుకు రోడ్డు ఇప్పించండి

రిబ్బన్లు కత్తిరించి రోడ్లు ప్రారంభించే పెద్దల సముఖానికి,

అయ్యా,

ఎన్నికలొస్తే చాలు, అద్దంలాంటి రోడ్డు వేయిస్తామంటారు. దయచేసి ఆ పని చేయకండి. అద్దం మీద బ్రేకు పడదు. మాకు గరుకు రోడ్డు కావాలి. గరుకంటే గుంతలు కావు సుమా! ఉన్న గుంతలనే కొత్త పథకం కింద చూపించేస్తారని ముందే మనవి చేస్తున్నాం.

టైరుకు పట్టు ఇచ్చేవి రెండు: కంకర రాయి ఒంటి మీద వేలికి తగిలే సన్నని గరుకు, రాళ్ల మధ్య వాననీరు తప్పుకునే సందులు. లారీలు తొక్కగా తొక్కగా రాయి రోలులా అరిగి నున్నబడుతుంది. రోలుకైతే కక్కు కొట్టించుకునేవాళ్లం. రోడ్డుకు కొట్టించేదెవరు? అందుకే రాయిని ముందే చూసి ఎంచాలి. సున్నపురాయి తొందరగా మెరుగెక్కుతుంది. కంకరను యంత్రంలో అరగదీసి, మిగిలిన పట్టుకు మార్కులేసే పరీక్ష ఉంది. తారు కాంక్రీటు పైపొరకు కేంద్ర రోడ్డు రవాణా శాఖ పెట్టిన పాసు మార్కు 55. క్వారీ దగ్గర్లో ఉందా అన్న పరీక్షలో మాత్రం మన కంకర ఎప్పుడూ ఫస్టు క్లాసే.

తారు ఎక్కువ పోస్తే మే నెల ఎండకు అది పైకి ఉబికి రాయిని కప్పేస్తుంది. నిగనిగలాడే ఆ నలుపు చూసి మీరు మురుస్తారు, స్కూటరువాడు హడలిపోతాడు. తొలకరి జల్లు మరీ గండం. నెలలుగా పేరుకున్న నూనె, టైరు పొడి తడిసి జిడ్డవుతాయి, కడిగేసేంత వాన ఇంకా పడదు. జీబ్రా గీతల మీద, మ్యాన్‌హోల్ మూతల మీద బండి తిప్పి చూడండి, తెలుస్తుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వారిలో నూటికి 44 మంది ద్విచక్ర వాహనాల వాళ్లే. అందరూ జారే పోయారని అనను. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగింతలవుతుందనీ తెలుసు. కానీ కేసు రాసేటప్పుడు ‘అతివేగం, నిర్లక్ష్యం’ అంటే డ్రైవరువే, రోడ్డువి కావు.

వడ్ల మీద కూడా బండి జారుతుంది, నిజమే. కానీ వాటిని రోడ్డు మీద ఆరబోసే రైతును తిట్టేముందు ఊళ్లో కల్లం కట్టించండి.

రబ్బరు ముక్క తగిలించిన లోలకం ఒకటుంది. తడిపిన రోడ్డు మీద ఊపితే పట్టెంతో అంకె చూపిస్తుంది. ప్రారంభోత్సవం నాడు ముందు దాన్ని ఊపించి, తర్వాత కత్తెర అందుకోండి. ఆ అంకెను శిలాఫలకం మీద మీ పేరు కిందే చెక్కించండి. రెండేళ్ల తర్వాత వచ్చే అంకెకు కూడా కాస్త చోటు వదలండి.

ఇట్లు,
జూన్ నెలలో బండి నెమ్మదిగా నడిపే ఒక పౌరుడు