గళ్లు నిండాయి, పాఠం మిగిలింది

హైస్కూళ్లకు కొత్త దేవుడు వేంచేస్తున్నాడు. నామధేయం కరిక్యులమ్ మ్యాపింగ్. ఏ నెలలో ఏ పాఠం, ఏ కృత్యం, ఏ అభ్యసన ఫలితం అని గళ్లు గీసి నింపేస్తే చదువు దానంతటదే వచ్చేస్తుందట! వార్షిక ప్రణాళిక, యూనిట్ ప్లాన్, పీరియడ్ ప్లాన్ అనే పాత దేవుళ్లకు నైవేద్యం పెట్టలేకే అయ్యవార్లకు చేతులు పడిపోతున్నాయి.

ఈ పద్ధతికి పేరు తెచ్చిన అమెరికా విద్యావేత్త హైడీ హేస్ జేకబ్స్ అడిగింది చాలా చిన్న సంగతి. చెప్పాల్సింది కాదు, క్లాసులో చెప్పింది రాయండి. ఆపైన టీచర్లంతా కూర్చుని ఏది రెండుసార్లు చెబుతున్నారో, ఏది ఎగ్గొడుతున్నారో చూసుకోండి. మనవాళ్లు గళ్లు దిగుమతి చేసుకుని, నిజాన్ని కస్టమ్స్‌లోనే వదిలేసి వస్తారు.

విజయవాడ భవానీపురంలో పదో తరగతి లెక్కల మ్యాపు ఎలా ఉంటుందో ఇప్పుడే చెప్పొచ్చు. పాఠం: త్రికోణమితి అనువర్తనాలు. కృత్యం: పిల్లలే క్లినోమీటరు చేసి ఇంద్రకీలాద్రి ఎత్తు లెక్కకట్టడం. ఫలితం: సాధించబడినది. క్లాసులోకి తొంగి చూడండి. కొండ కొండలాగే ఉంటుంది, దానివైపు తలెత్తిన పిల్లాడు ఉండడు. అందరూ తలలొంచి అదే ‘ఇంపార్టెంట్’ లెక్క మళ్లీ ఎక్కిస్తుంటారు. డిసెంబరుకల్లా సిలబస్ లాగించెయ్యాలి, ఆపైన స్లిప్ టెస్టులు. డ్రిల్లు పీరియడ్ మ్యాపులో గ్రౌండులో ఉంటుంది, బడిలో సైన్సు సారు చేతిలో ఉంటుంది.

పోనీ, గీసిన మ్యాపు నాలుగేళ్లయినా పనికొస్తుందా? ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పేపర్లు 11 నుంచి 7కి, 2023లో 6కి దిగాయి. 1000 సర్కారు బడులను సీబీఎస్ఈ గట్టెక్కించి, 2024లో పదో తరగతి పిల్లలను మళ్లీ రాష్ట్ర బోర్డుకే తోలారు. అదే ఏడాది జనవరిలో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియెట్)తో ఒప్పందం. ప్రభుత్వం మారగానే అదీ అటకెక్కింది. ఇక్కడ సిరా ఆరేలోపు ఊళ్లే మారిపోతాయి.

కాబట్టి నాదొక సవరణ. మ్యాపులో ఒక గడి అదనంగా పెట్టండి: ‘చెప్పలేదు, ఎందుకంటే’. కారణాలకు కరువుండదు. ఓటర్ల జాబితా, యాప్‌లో హాజరు, అన్నీ వరసలో ఉన్నాయి. ఆ గడి నిజాయితీగా నింపిన టీచరుకు మెమో ఇవ్వబోమని ముందు పైవాళ్లు సంతకం పెట్టాలి. ఆ సంతకం పడేదాకా మ్యాపింగ్ మొదలైందని పేపర్లకు చెప్పకండి. గళ్లు నింపడం మొదలైందని చెప్పండి, చాలు.