గాజు తొట్టిలో గట్టు తగాదాలు

రంగుచేపల దుకాణంలో చెడ్డ చేపంటూ ఉండదు. దేన్ని చూపించి అడిగినా "చాలా ఫ్రెండ్లీ సార్, అన్నిటితో కలిసిపోతుంది" అనే అంటాడు అమ్మేవాడు. అలా అన్నిటితో కలిసిపోయేవాటినే ఏరి, కవర్లలో నీళ్లు పోయించి, గాలి పట్టించి, రబ్బరు బ్యాండ్లు వేయించి తెచ్చి మా హాల్లోని మూడడుగుల తొట్టిలో వదిలాను. రెండు ఏంజెళ్లు, కొన్ని మోలీలు, ఒక జత టైగర్ బార్బులు, ఒక రెడ్‌టెయిల్ షార్క్. రక్తపోటు ఉన్నవాళ్లు చేపల్ని చూస్తూ కూర్చుంటే మనసు కుదుటపడుతుందని ఎవరో చెప్పారు. వాళ్లు చూసినవి క్యాలెండర్ మీది చేపలై ఉంటాయి.

కొద్దిరోజులకే ఏంజెళ్ల రెక్కలు పీలికలయ్యాయి. మోలీలు ఫిల్టరు వెనక తలదాచుకున్నాయి. నా బీపీ బిళ్ల అర నుంచి ఒకటికి పెరిగింది.

ముందు టైగర్ బార్బు సంగతి. సుమత్రా, బోర్నియో వాగుల జాతి ఇది. ఒంటిమీద నాలుగు నల్లపట్టీలు, పొడవు మూడంగుళాలకు మించదు. మన దుకాణాలకు వచ్చే రంగుచేపల్లో చెన్నై కొళత్తూరు పెంపకందార్ల తొట్లలో పుట్టినవి బోలెడు. సుమత్రా ఎటుందో వాటి ముత్తాతలక్కూడా తెలియకపోవచ్చు గానీ పౌరుషం మాత్రం దిగుమతి సరుకే. వేలాడేది ఏది కనబడినా కొరకాలి దానికి. ఏంజెల్‌కేమో దేవుడు వేలాడేవి తప్ప ఇంకేమీ ఇచ్చినట్టు లేడు.

మా అత్తగారిది భీమవరం. చేప అనగానే ఆవిడ బరువు అడుగుతారు, తర్వాత ధర అడుగుతారు, ఆపైన పులుసా వేపుడా అన్నది తేలుస్తారు. అలాంటి మనిషి ఈ తొట్టి ముందు కుర్చీ వేసుకుని, నాలుగు రోజులు గమనించి, "దిష్టండీ అల్లుడుగారూ, వచ్చేపోయే జనం కళ్లు మంచియ్యి కావు" అని తేల్చి, తొట్టి మూతకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు. పై ఫ్లాటాయన వచ్చి, ఇది దిష్టి కాదు వాస్తు, తొట్టిని ఈశాన్యానికి జరపండన్నాడు. తొట్టిలో 125 లీటర్లు పడతాయి. అంటే నీళ్లే 125 కిలోలు. గాజూ ఇసుకా రాళ్లూ అదనం. చేపల వాస్తు కోసం నా నడుము వాస్తు చెడగొట్టుకోలేనని మర్యాదగా చెప్పాను. అప్పటినుంచి ఆయన కారు నా కారుకి మరో జానెడు దగ్గరగా పెడుతున్నాడు.

చేపల పెంపకంలో తలపండిన మిత్రుడొకరు మాత్రం అసలు మందు చెప్పాడు. "రెండు రౌడీలతో ఇబ్బందా? ఇంకో ఆరు తెచ్చుకో." నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. టైగర్ బార్బు గుంపులో బతికే జీవి. గుంపంటూ ఉంటే ఎవడు పెద్ద, ఎవడు చిన్న అన్న పంచాయితీ లోపల్లోపలే నడుస్తుంటుంది. ఆ వెంటపడటాలూ తప్పుకోవడాలూ వాటికి రోజంతా సరిపోతాయి. రెండే ఉంటే ఆ లెక్క ఇట్టే తేలిపోతుంది, మిగిలిన తీరికంతా ఇరుగుపొరుగు మీద పడుతుంది. ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి రిటైరయినవాణ్ణి, ఈ సూత్రం నాకు చప్పున తట్టి ఉండాల్సింది. మా సెక్షన్‌లో ఇద్దరే ఉన్నన్నాళ్లు వచ్చినవాళ్లందర్నీ పీక్కుతిన్నాం. స్టాఫు పెరిగాక సీనియారిటీ జాబితా మీద మాలో మేమే కొట్టుకున్నాం, ప్రజలు సుఖపడ్డారు. ఆరు బార్బుల్ని తెచ్చి వదిలాను. కొరుకుళ్లు పూర్తిగా ఆగాయనను గానీ, ఏంజెళ్లకి రెక్కలు మళ్లీ మొలిచే వ్యవధి దొరికింది. చేపకి ఆ సౌకర్యం ఉంది, రెక్క అంచులు తెగితే తిరిగి పెరుగుతాయి.

ఇక రెడ్‌టెయిల్ షార్క్. ఒళ్లంతా కాటుక నలుపు, తోక మాత్రం ఎర్రటి ఎరుపు. షార్కన్నది బిరుదే, సొరచేపతో దీనికి ఏ చుట్టరికమూ లేదు. ఇది కార్పుల కుటుంబం. పాత పుస్తకాల్లో దీని శాస్త్రనామం లేబియో బైకలర్, మన శీలావతిది లేబియో రోహిత. ఒకప్పుడు రెండింటిదీ ఒకే ఇంటిపేరన్నమాట. తర్వాత శాస్త్రజ్ఞులు దీనిచేత వేరు కాపురం పెట్టించారు. ఈ సంగతి చెప్పేసరికి అత్తగారు కుర్చీలోంచి లేచి మరీ చూశారు.

"శీలావతి వంశమా! ఎంత ఎదుగుద్దండీ?"

"అయిదారు అంగుళాలండీ."

"ఆ మాత్రం దానికి మేత దండగండీ" అని కూర్చున్నారు.

దీని సొంతూరు థాయ్‌లాండ్‌లోని చావో ఫ్రాయా నదీప్రాంతం. అక్కడ ఇది దాదాపు కనుమరుగైపోయింది. ఒక దశలో సహజమైన నీళ్లలో అంతరించిందనే రాసేశారు కూడా. లోకమంతా అమ్ముడయ్యేవి పెంపకంలో పుట్టినవే. సొంత నదిలో చోటు దక్కని జీవి మా హాల్లోకొచ్చి 125 లీటర్లకూ పట్టా రాయించుకుంది. మధ్యలో ఉన్న నల్లరాయి దాని కచేరీ. ఆ రాయి చుట్టూ ఎవరు తిరిగినా తరుముతుంది. మేత వేస్తే తను తినే ముందు పక్కవాళ్లు తినకుండా చూసుకుంటుంది. రాళ్లూ మొక్కలూ దానికి అలంకారం కావు, హద్దురాళ్లు.

హద్దు తగాదాకి మందు హద్దులోనే ఉందట. చేతులు మోచేతుల దాకా ముంచి రాళ్లన్నీ తారుమారు చేశాను. నల్లరాయి మూలకి, మొక్కలు మధ్యకి, కుండపెంకు ఎదురుగా, ఈ పక్కనుంచి ఆ పక్కకి చూపు ఆనకుండా. లైటు ఆర్పేశాను. తెల్లారేసరికి పాత సర్వే నంబరు ఒక్కటీ చెల్లకుండా పోయింది. షార్కు తొట్టంతా తిరిగి తిరిగి తన పొలం ఏదో తేల్చుకోలేక కొన్నాళ్లు బుద్ధిగా ఉంది. తర్వాత కుండపెంకుని కబ్జా చేసింది.

అప్పుడు జైలు పెట్టాం. పిల్లచేపల్ని విడిగా ఉంచే ప్లాస్టిక్ డబ్బా ఒకటి దొరుకుతుంది, తొట్టి లోపలే అంచుకి తగిలించుకోవచ్చు. రౌడీని కొన్నాళ్లు అందులో ఉంచితే బయట మిగతావాళ్లు జాగాలు సర్దుకుంటారు. విడుదలయ్యాక అది కొత్తగా వచ్చినవాడి హోదాలో అణిగి ఉండాలి, లెక్కప్రకారం. మా దగ్గర లెక్క కొంచెం తప్పింది. "ఎంత చెడ్డోడైనా పస్తు పెట్టకూడదండీ" అని అత్తగారు పూటపూటా దానికి విడిగా మేత వేశారు. శిక్ష ముగించుకుని రెండింతల ఒంటితో బయటికొచ్చింది.

ఈ రోజుల్లోనే కోన్రాడ్ లోరెంజ్ పుస్తకం ఒకటి చదివాను. ఆస్ట్రియా శాస్త్రవేత్త, 1973లో నోబెల్ బహుమతి పంచుకున్నవాడు. జంతువుల దూకుడు మీద 1963లో రాసిన ఆ పుస్తకంలో సిక్లిడ్ జాతి చేపల సంసారం ముచ్చటొకటుంది. మగా ఆడా రెండింటినే ఏకాంతంగా ఉంచితే, పోట్లాడటానికి పొరుగువాడు లేక మగచేప పెళ్లాం మీదే పడుతుందట. పక్కన ఇంకో జంటను పెట్టి మధ్యలో గాజుపలక నిలబెడితే, అద్దంలోంచి వాళ్లమీద కయ్యానికి కాలుదువ్వుతూ ఇంట్లో మాత్రం ముద్దుగా ఉంటుందట. ఇది మా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఏమండీ, పార్కింగ్ గురించి పై ఫ్లాటాయనతో మీ గొడవ ఆపొద్దు, అలాగే కానివ్వండి" అంది.

ఏంజెళ్లు కూడా ఆ సిక్లిడ్ కుటుంబానివే. ఆ ముక్క చదివినప్పుడే నేను జాగ్రత్తపడాల్సింది. మేమంతా పాపం అంటూ జాలిపడ్డ ఆ జంట ఒకనాడు ఫిల్టరు గొట్టాన్ని మూతులతో శుభ్రంగా తుడిచి, దానిమీద వరసగా గుడ్లు పెట్టింది. ఆ క్షణం నుంచి రాజ్యం మారింది. బార్బులు ఎనిమిదీ ఒక మూలకి నెట్టబడ్డాయి. మోలీలు పైకి తేలి గాలి పీల్చాలన్నా అనుమతి కావాలి. మహారాజు షార్కుగారు కుండపెంకు ఖాళీ చేసి ఇసుకకి కరుచుకుని పడుకున్నారు. అత్తగారి మొహం వెలిగిపోయింది.

"బిడ్డల తల్లండీ మరి, ఊరుకుంటదేటి!"

రెండోనాడు తెల్లవారుజామున నీళ్లు తాగడానికి లేచి, ఆ బిడ్డల తల్లి తన గుడ్లను తనే ఒక్కొక్కటీ ఏరుకుని తినడం కళ్లారా చూశాను. ఏంజెళ్లలో ఇది మామూలే, తొలికాన్పుల్లో మరీను. పొద్దున్నే గొట్టం బోసిగా కనబడేసరికి ఇంట్లో గోల మొదలైంది. ఉన్నమాట చెప్పాను.

"కన్నతల్లి తింటదా అండీ ఎక్కడైనా? ఆ ఎర్రతోకోడి పనే ఇది" అన్నారు అత్తగారు.

"నేను చూశానండీ."

"కళ్లజోడు పెట్టుకున్నారా?"

పెట్టుకోలేదు. షార్కు మళ్లీ డబ్బాలో ఉంది. ఈసారి మేత కూడా బందు.