స్టేషన్ మెట్లెక్కేవారికి ఆరు చిట్కాలు

పోలీసులంటే భయమా? పోగొట్టడం నా వల్ల కాదు. ఉన్న భయం పదిలంగా ఉండాలంటే మాత్రం ఇవి పాటించండి.

1. బండి పోయిందని వెళ్తే "ఇది మా పరిధి కాదు" అన్నారా? దణ్ణం పెట్టి వచ్చేయండి. ఇలాంటి నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాయాలని, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. అది గుర్తుచేసి రైటర్ గారి మనసు నొప్పించకండి.

2. రాసింది చదివి వినిపించాలనీ, నకలు ఉచితంగా ఇవ్వాలనీ కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. పాపం, జిరాక్స్ ఖర్చు ఎందుకు పెట్టించడం? చూపించిన చోటల్లా సంతకం చేయండి. తెల్ల కాగితమైతే మరీ మంచిది, చదివే పని తప్పుతుంది.

3. "ఒప్పేసుకో, ఇంటికి పంపేస్తాం" అనగానే చేయని నేరమైనా ఒప్పేసుకోండి. పోలీసు ముందు ఒప్పుకున్న మాట కోర్టులో రుజువుగా చెల్లదు. చేసిన నేరమైతే సొమ్ము దాచిన చోటు కూడా చెప్పేయండి. ఆ మాటను బట్టి సొమ్ము దొరికితే, అంతవరకు చెల్లుతుంది.

4. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్లకో స్నేహితులకో కబురు పెట్టాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. కానీ మిమ్మల్ని "ఊరికే విచారణకు" పిలిచారు కదా! మూడు రోజులైనా బల్ల మీద కూర్చోండి. గడియారం వైపు చూడకండి.

5. లాయరు ఎందుకు దండగ? ఎదురుగా టీ కొట్టు దగ్గరుండే పైరవీ పెద్దమనిషిని పట్టుకోండి. బెయిలబుల్ నేరంలో బెయిలు మీ హక్కే. అయినా హక్కుగా వచ్చినదానికి విలువేముంది? ఆయనకు పదివేలు ముట్టజెప్పి తెచ్చుకుంటేనే తృప్తి.

6. వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా కనబడి "నువ్వు డిజిటల్ అరెస్టులో ఉన్నావు" అంటే, తలుపులేసుకుని బ్యాంకు ఖాతా ఊడ్చి పంపేయండి. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. అసలు పోలీసు ముందు నోరు మెదపని అలవాటు మీకుంది చూశారూ, దొంగ పోలీసు బతుకుతున్నది దానిమీదే.

ఇన్ని పాటించే ఓపిక లేనివారు ఫోన్‌లో రెండు నంబర్లు రాసిపెట్టుకోండి: ఉచిత న్యాయ సహాయానికి 15100, సైబర్ మోసాలకు 1930.